దుప్పటి మీద మూడంతస్తులు

ఈ రోజు మహబూబ్‌నగర్‌లో మా దవాఖాన నర్సులకు భూకంప సహాయక శిక్షణ ఇచ్చారు. గంటసేపు ఉపన్యాసం, తర్వాత బ్యానర్ ముందు ఫొటో. సర్టిఫికెట్లు పంచుతుంటే మా సీనియర్ షాహీన్ అక్క లేచింది.

"సార్, మొన్న భూమి కదిలినప్పుడు లిఫ్టు ఆగింది. మూడో అంతస్తుల ఆపరేషనైన పేషెంట్లను మెట్ల మీదికెళ్లి ఎట్ల దింపాలె? జర చేసి చూపియ్యుండ్రి."

"గవన్నీ మగోళ్లు చూసుకుంటరమ్మా," అన్నాడు శిక్షణకు వచ్చిన అధికారి.

నాకు ఒళ్లు మండింది. భూమి కదిలిన రోజు ఆ వార్డులో ఉన్నది అక్కా నేనూ మాత్రమే.

ఆయన వెళ్లాక మూడో అంతస్తులో నేనే పేషెంటులా దుప్పటి మీద పడుకున్నాను. నలుగురు నర్సులు నన్ను మోస్తూ మెట్ల మొదటి మలుపులోనే గోడకు కొట్టారు. మూడోసారికి కింది దాకా దింపారు.

భుజం వాచింది. మీ ఊరి దవాఖానలో ఈ పని ఎవరికైనా నేర్పారా? చెప్పండి.