జీడి మరకల చేతులు

ప్రమోదిని భయమంతా చేతుల గురించే. పొద్దున్నే తల్లితో, పెద్దతల్లితో కలిసి కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. ఎంత బూడిద రాసుకున్నా, ఎంత ఆముదం పట్టించినా పిక్కలోని రసం ఊరుకుంటుందా? వేళ్ళ కొసలు నల్లబడి, పొరలు పొరలుగా ఊడిపోతాయి. మధ్యాహ్నం అవే చేతులతో, బజారులో బట్టల కొట్టు మీదున్న కంప్యూటర్ సెంటర్లో నెట్‌వర్కింగ్ నేర్చుకుంటుంది. అక్కడ చేతులెప్పుడూ చున్నీ కిందే. హాజరు యంత్రం తన వేలిని గుర్తుపట్టక మొరాయించినప్పుడల్లా, వెనకాల నిలబడ్డవాళ్ళు నవ్వకపోయినా నవ్వినట్టే ఉండేది.

పాఠాలు బాగానే ఒంటబట్టాయి. రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవాలంటే మధ్యన కేబుల్ ఉండాలి, రెండింటికీ ఒకే వీధిలోని ఇళ్ళకున్నట్టు అడ్రసులుండాలి. అది సరే. చిక్కల్లా ఆ కేబుల్ తయారు చెయ్యడం దగ్గరే. లోపలి రంగురంగుల సన్నటి తీగల్ని వరసగా పేర్చి, వేలి గోరంత ప్లగ్గులోకి దూర్చి నొక్కాలి. మొద్దుబారిన ఆ వేళ్ళకి తీగ తగిలిందో లేదో కూడా తెలిసేది కాదు. ఈ చేతులకి ఇంత సన్నపని దేనికని తనని తానే తిట్టుకునేది పిచ్చిపిల్ల.

పాఠం చెప్పే మోహనకృష్ణ సారు మాత్రం ఒకటే మాట అరగదీసేవాడు. "అవతలి కంప్యూటర్ పలకనేదని కంగారుపడిపోకండి. ముందు కేబుల్ గుచ్చిన సోట లైటు సూడండి. ఎలిగిందా, కేబుల్ మంచిదే. అప్పుడు అడ్రసులు సూడండి."

పరీక్ష రోజు రానే వచ్చింది. నెగ్గితే టెక్కలిలో ఇంటర్నెట్ కనెక్షన్లిచ్చే ఆఫీసులో ఉద్యోగం. తప్పితే ఇక రోజంతా జీడిపిక్కలే. పిక్కల పని చేయించే మేస్త్రి అప్పుడే తల్లి పక్కన ఆమెకి సొంత పీట కూడా వేయించేశాడు.

"ఒలే, రెండు ముద్దలు తినెల్లు. సేతులొణుకుతాయి," అంది పెద్దతల్లి.

"తిన్నా వొణుకుతాయిలే పెద్దమ్మా," అంటూ ప్రమోదిని చెప్పులేసుకుంది.

పరీక్ష పెట్టడానికి శ్రీకాకుళం నుంచి చంద్రమౌళి గారని ఒకాయన వచ్చాడు. కేబుల్ ముక్క, కొన్ని ప్లగ్గులు చేతికిచ్చి, రెండు కంప్యూటర్లు కలిపి చూపించమన్నాడు. ప్రమోదిని ఊపిరి బిగబట్టి రెండు కొసలూ బిగించింది. అడ్రసులు గబగబా కొట్టేసింది. పింగ్ చేసింది. అంటే ఇవతలి కంప్యూటర్ అవతలిదాన్ని 'ఉన్నావా?' అని పిలవడమన్నమాట. జవాబు రాలేదు.

అనుకున్నంతా అయింది, ఈ చేతులు కొంప ముంచాయి. రెండు కొసలూ కత్తిరించి బల్ల మీద పడేసి, మళ్ళీ మొదటినుంచీ కట్టింది. మళ్ళీ పిలిచింది. మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు. చుట్టూ ఒక్కొక్కరూ లేచి వెళ్ళిపోతున్నారు. ఇంకోసారి కత్తిరిస్తే, మిగిలినవి ఆఖరి ప్లగ్గులు.

కత్తెర పట్టుకుని, కేబుల్ ఊడబెరకడానికి బల్ల కిందికి వంగింది. ప్లగ్గు పక్కన పచ్చటి లైటు నిక్షేపంలా వెలుగుతోంది.

రెండో కంప్యూటర్ వెనక్కి వెళ్ళి చూసింది. అక్కడా వెలుగుతోంది. సంతోషం కాదు, ఒళ్ళు మండింది ఆమెకి. కేబుల్ బాగానే ఉంది. ఎవరికి తెలుసు, ముందుదీ బాగానే ఉందేమో! లేచి అడ్రసులు చూసింది. కంగారులో ఒక కంప్యూటర్ అడ్రసులో ఒకటి అంకె కొట్టాల్సిన చోట రెండు కొట్టింది. రెండు కంప్యూటర్లనీ చెరో వీధిలో కూర్చోబెట్టిందన్నమాట. దిద్ది మళ్ళీ పిలిచింది. జవాబులు వరసపెట్టి వచ్చాయి.

"కేబుల్ చూపించమ్మా," అన్నాడు చంద్రమౌళి.

ఇదివరకైతే బల్ల మీద పడేసి, చేతులు చున్నీ కిందికి లాక్కునేది. ఇప్పుడు రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని ప్లగ్గులు చూశాడు, తీగల వరస చూశాడు, తలూపాడు. తర్వాత బల్ల మీదున్న కత్తిరించిన ముక్కల్లో ఒకటి తీసి వెలుతురులో తిప్పి చూశాడు.

"ఇదీ చక్కగానే కట్టావు కదమ్మా. ఎందుకు కోసేశావు?"

"నా సేతులే తప్పు సేసుంటాయనుకున్నానండి," అంది ప్రమోదిని. అంటూనే ఏడ్చేసింది.