కల్వర్టు మీది రాయి, నేను పోగొట్టిన సీటు

ఈ ప్రయాణానికి కారణం మా కాలనీ ఆటో. ఖమ్మం ఊరు ఇక అయిపోయింది అనుకున్నాక ఇంకో కిలోమీటరు వస్తే మా కాలనీ తగులుతుంది. బస్టాండు ఆరు కిలోమీటర్ల దూరం. బస్సు రాదు. ఉన్నది ఖాజా భాయ్ షేర్ ఆటో ఒక్కటే, మనిషికి ఐదు రూపాయలు. ఇంటింటికీ బండి వచ్చేసరికి అది ఎక్కేవాళ్ళు తగ్గిపోయారు. ఈ పతనాన్ని చూసి ఊరుకోలేక నేను సైకిల్, నడక, షేర్ ఆటో ప్రచార సంఘం స్థాపించాను. నాకు బండి లేకపోవడమే ఈ సిద్ధాంతానికి మూలం అని గిట్టనివాళ్ళు అంటారు. నిజమే. సంఘంలో సభ్యులు ఇద్దరం. రెండో సభ్యుడు రమేష్ రెండో వారంలోనే వాయిదాల మీద మోటారు సైకిల్ కొని, దాని మీదే సమావేశానికి వచ్చాడు. "నడుద్దాం, తొక్కుదాం, కలిసి కూర్చుందాం" అని రెండు వందల కరపత్రాలు వేయించి పంచాను. వారం తిరక్కుండా అందులో ఒకటి నూనె మరకతో, మిరపకాయ బజ్జీ చుట్టుకుని నా చేతికే తిరిగి వచ్చింది.

జూన్ మొదటి వారంలో ఖాజా భాయ్ చల్లగా చెప్పాడు. "నెలాఖరు దాకా చూస్త తమ్ముడూ. తర్వాత వేరే రూటు చూసుకుంట. ఆటో నిండకపోతే నేను కదల్లేను. నేను కదిలేదాకా మీరు ఆగరు. ఒకాయన వస్తడు, పది నిమిషాలు నిలబడ్తడు, గడియారం చూస్తడు, ఇంటికి పోయి బండి తీస్తడు. ఆయన పోయినంక ముగ్గురొస్తరు. వాళ్ళు ఇంకో పది నిమిషాలు చూస్తరు."

"మరి ఏం చేయాలె భాయ్?"

"కాగితాలు పంచుడు కాదు. మా బావమరిది జానీ భద్రాచలం కాడ దుమ్ముగూడెం రోడ్డు మీద నడుపుతడు. రెండు పక్కలా అడివి, ఊర్లన్నీ లోపల్లోపల. అయినా వాడు ఎవ్వరికోసం కాసుక్కూసోడంట, ఆటో నిండే పోతదంట. ఎట్లనో నాకు తెల్వదు. పోయి చూసిరా, చదువుకున్నోనివి గదా."

డిగ్రీ చదివినందుకు నాకు దక్కిన మొదటి ఉద్యోగం ఇదే అనుకుని, రెండో వారంలో ఒక మంగళవారం బయల్దేరాను. ఖమ్మం బస్టాండులో తెల్లవారుజామున నాలుగూ ముప్పావుకు భద్రాచలం బస్సు ఎక్కాను. టికెట్టు అరవై లోపే. కిటికీ పక్క సీటు ఎడమవైపు దొరికితే వదలకండి, పొద్దు మొహానికి కొట్టదు. కొత్తగూడెంలో టీ కోసం పది నిమిషాలు ఆపారు. పాల్వంచ దాటాక చెట్లు రోడ్డు దాకా వచ్చేశాయి. ఎనిమిదీ పదికి గోదావరి వంతెన మీద ఉన్నాం. ఇంకా వానలు పడలేదు, నది సన్నగా ఓ పక్కకు ఒదిగి పారుతోంది.

జానీ ఆటో తొమ్మిదింబావుకు గాని బయల్దేరదని స్టాండులో చెప్పారు. అంతసేపు కూర్చోవడం ఎందుకు, పైగా ప్రచార సంఘం అధ్యక్షుడు సైకిల్‌ని పక్కనబెట్టి ఆటోలో వెళితే సైకిల్ చిన్నబుచ్చుకోదూ అని, కిరాయి సైకిల్ షాపుకు వెళ్ళాను. రోజుకు పాతిక రూపాయలు, పూచీకి కాలేజీ గుర్తింపు కార్డు. షాపాయన కార్డు మీది ఫోటోనూ నన్నూ రెండుసార్లు చూసి, "సీటు కింద స్ప్రింగు లేదు, కొంచెం ఓర్చుకో" అన్నాడు. ఎంత ఓర్చుకోవాలో పద్నాలుగు కిలోమీటర్లలో తెలిసింది.

పద్నాలుగో కిలోమీటరు దగ్గర ఒక కల్వర్టు వచ్చింది. దాని పిట్టగోడ మీద ఒక్క చోటే చెట్టు నీడ పడుతోంది. సరిగ్గా ఆ నీడలో, తునికాకు మీద ఒక రాయి పెట్టి ఉంది. పసుపు మరకలున్న రాయి, పొత్రం విరిగితే మిగిలిన ముక్కలా ఉంది. పసుపు చూసి దేవుడేమోనని ముందు వెనకాడాను. చుట్టూ చూస్తే కుంకుమ లేదు, కొబ్బరి చిప్ప లేదు. దేవుడు కాడని తీర్మానించి, అయినా ఎందుకైనా మంచిదని ఒక దణ్ణం పెట్టి, రాయిని తీసి కింద పెట్టాను. సంచిలోంచి కరపత్రాల కట్ట తీసి నేల మీద ఉంచి, గాలికి ఎగరకుండా ఆ రాయినే వాటి మీద పెట్టాను. నేను గోడ మీద ఆసీనుడనయ్యాను. అప్పుడు టైము పదికి ఇరవై నిమిషాలు తక్కువ.

పది నిమిషాల్లో భద్రాచలం వైపు నుంచి ఎర్ర రిబ్బన్లు కట్టిన ఆటో వచ్చింది. ఖాజా భాయ్ చెప్పిన ఆనవాలు అదే. జానీ కల్వర్టు దగ్గర నెమ్మది చేసి, ముందు గోడ వైపు చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"తిరిగొచ్చేటప్పుడు సీటు గావాల్నా?"

నేను గర్వంగా సైకిల్ వైపు వేలు చూపించి, అక్కర్లేదని చెయ్యి ఊపాను. "ఖాజా భాయ్ పంపిండు, నీతోని మాట్లాడాలె" అని అరిచాను.

"స్టాండుకాడ కలువు" అంటూ వెళ్ళిపోయాడు. అవతలి చివరి ఊరు అక్కడికి ఎనిమిది కిలోమీటర్లు. పదీ నలభైకి అదే ఆటో తిరిగి వచ్చింది, కిక్కిరిసి, ఆగకుండా నా ముందు నుంచే వెళ్ళిపోయింది. ఎవరి కోసమూ ఆగకపోవడం అంటే ఇదే కాబోలని నోటు పుస్తకంలో రాసుకున్నాను.

ఆ రాత ఇంకా ఆరకముందే చెట్ల మధ్య కాలిబాటలోంచి ఒకామె వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. నెత్తిన బట్టల మూట, చేతిలో చెప్పులు. రోడ్డెక్కాక చెప్పులు వేసుకుని, గోడ వైపు చూసింది. గోడ మీద రాయి లేదు, నేనున్నాను. తర్వాత ఆమె చూపు కిందికి, కరపత్రాల మీదికి వెళ్ళింది.

"ఆటో పోయిందా?"

"ఇప్పుడే పోయిందక్కా."

"నా రాయి నీ కాగితాల మీద ఎందుకున్నది?"

నేను నిజం చెప్పాను. నెపం నెట్టడానికి అక్కడ ఇంకో మనిషి లేడు. ఆమె కరపత్రం ఒకటి తీసి, కూడబలుక్కుని చదివింది. "కలిసి కూర్చుందాం." ఇంకోసారి చదివింది. "నా సీటు తీసి, దాని కింద ఇది పెట్టినవా పిలగా?"

ఆమె పేరు ముత్తమ్మ. ఊరు రెండు కిలోమీటర్ల లోపల. పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి గోడ మీద రాయి పెట్టిపోతారు. జానీ అవతలి ఊరికి వెళ్ళేటప్పుడు ఆ రాళ్ళు లెక్కపెట్టుకుని, తిరిగి అన్ని సీట్లు ఖాళీ ఉంచుకుని వచ్చి, అంతమందినీ ఎక్కించుకునే కదులుతాడు. రాయి లేకపోతే ఆగడు. ఇదంతా ఆమె నాకు పాఠంలా చెప్పలేదు, తిట్ల మధ్యలో చెప్పింది. అసలు సంగతి చివరన వచ్చింది. భద్రాచలానికి ఐదు కిలోమీటర్ల ఇవతల పిల్లల హాస్టలు ఒకటుంది. అందులో వంటమనిషిగా ఆమెను తీసుకున్నారు. మధ్యాహ్నం పన్నెండు లోపల వచ్చి సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఆ పని ఇంకొకామెకు ఇస్తారు, ఆ ఇంకొకామె పొద్దుటి నుంచే అక్కడ కూర్చుని ఉంటుంది. మళ్ళీ ఆటో ఒంటిగంటకు. బస్సు సాయంత్రం. టైము పదకొండుకు ఐదు నిమిషాలు తక్కువ, దూరం తొమ్మిది కిలోమీటర్లు.

"ఎక్కక్కా" అన్నాను, సైకిల్ చూపిస్తూ.

ఆమె సైకిల్‌ని చూసింది, నా కాళ్ళని చూసింది. "బువ్వ తిన్నవా పొద్దున?"

"టీ తాగిన."

"దేవుడున్నడు" అంటూ వెనక కూర్చుంది. నేను తన రాయిని మరిచిపోతే ఆమె మరిచిపోలేదు, ఒళ్ళో పెట్టుకుంది.

మొదటి కిలోమీటరు బాగానే తొక్కాను. రెండో కిలోమీటరులో రోడ్డు ఎక్కుడు మొదలైంది. మబ్బు పట్టి ఉక్కపోస్తోంది. వెనక నుంచి వ్యాఖ్యానం ఆగలేదు. "బండి కదులుతాందా, చెట్లే ఎనక్కి పోతన్నయా?" "మా ఎద్దు గిట్ల రొప్పితే మందు తాపుతం." ఎక్కుడు దగ్గర ఆమె దిగి నడిచేది, నేను సైకిల్ నెట్టేవాణ్ణి, ఆమె నాకంటే ముందు పైకి చేరి నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడేది. నడక, సైకిల్, కలిసి ప్రయాణం. నా కరపత్రంలోని మూడు అంశాలూ ఒక్క రోడ్డు మీద అమలవుతున్నాయి, ఒక్కటీ ముందుకు సాగడం లేదు. మూడు కిలోమీటర్లయ్యేసరికి పదకొండూ ఇరవై. లెక్క వేస్తే ఇలా ఇద్దరం కలిసి పన్నెండుకు చేరం. ఆ మాట పైకి అనడానికి భయపడ్డాను. ఆమె కిందికి దిగి, మామూలు గొంతుతో అడిగింది.

"సైకిల్ నాకిస్తవా?"

"తొక్కుతవా అక్కా?"

"రోడ్డు కాడికెళ్ళి ఊర్లకు బియ్యం మూటలు ఏసుకపోయింది ఎవరనుకున్నవు. నీ లెక్క కాగితాలు మోసిననుకున్నవా."

సైకిల్ నాది కాదు. నా కార్డు షాపులో ఉంది. ఆమెకు నా పేరు తెలియదు, ఆమె ఊరు నేను చూడలేదు. ఒక్క క్షణం వెనకాడాను, అది ఆమె కనిపెట్టింది. కొంగు నడుముకు దోపి, మూట వెనక కట్టి, రాయిని నా చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గరుంచు. సైకిల్ హాస్టలు గేటు కాడ ఉంటది. నా రాయి నాకు తెచ్చియ్యాలె."

సైకిలెక్కాక ఆమె మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు. నేను తొక్కినదానికంటే చాలా వేగంగా వెళ్ళిందని సంఘం తరఫున ఒప్పుకుంటున్నాను.

ఆరు కిలోమీటర్లు నడిచాను. ప్రచారం కోసం కాక నిజంగా నడవాల్సి వచ్చి నడిచింది నా జీవితంలో అదే మొదటిసారి. ఒక చేతిలో కరపత్రాలు, ఇంకో చేతిలో రాయి. దారిలో ఎవరూ నన్ను వింతగా చూడలేదు. రాయి పట్టుకుని నడిచేవాడు ఆ రోడ్డు మీద ఏదో పని మీదున్న మనిషే. మోటారు సైకిల్ మీద ఒకాయన ఆపి ఎక్కమన్నాడు. ఎక్కితే అరగంట ముందే చేరేవాణ్ణి. ఎక్కలేదు. సిద్ధాంతం వల్ల కాదు. ఆమె ఇంకా రోడ్డు మీదే కనిపిస్తే ఏ మొహం పెట్టుకుని దాటిపోవాలో తెలియక.

పన్నెండూ ముప్పావుకు హాస్టలు వచ్చింది. గేటు పక్కన గోడకు సైకిల్ ఆనించి ఉంది. గేటు ముందు చెట్టు కింద ఒకామె చిన్న సంచీ సర్దుకుంటోంది, ఇంటికి తిరిగి వెళ్ళే మొహంతో. ఆ మొహం చూసి నాకు సంగతి అర్థమైంది. సంతోషపడబోయి, ఆమె ముందు ఆ సంతోషం చూపలేకపోయాను. వెనక వంటింట్లోంచి ముత్తమ్మ పెద్ద గరిటెతో బయటికి వచ్చింది.

"సంతకం పెట్టినవా అక్కా?"

"పెట్టిన. పన్నెండుకు ఇంక పది నిమిషాలున్నదప్పుడు. రా, కూసో, బువ్వ తిను. ఈడికొచ్చి పడిపోతే నా మీదికొస్తది."

చెట్టు కింద ఉన్న ఆమెను కూడా కేక వేసి పిలిచి, ఇద్దరికీ పప్పూ అన్నం పెట్టింది. ఆ ఆడవాళ్ళిద్దరూ వాళ్ళ ఊళ్ళ భాషలో ఏదో మాట్లాడుకున్నారు. నాకు అర్థం కాలేదు, నవ్వులో నా సంగతి ఉందని మాత్రం తెలిసింది. లేచేటప్పుడు రాయి ఇచ్చాను. జ్ఞాపకంగా ఉంచుకోమంటుందేమోనని మనసులో ఒక ఆశ ఉండింది. ఆమె కడిగి కొంగున కట్టుకుంది. "శనివారం ఇంటికి పోవాలె. ఆదివారం మళ్ళ రావాలె. ఇది లేకుంటే ఎట్ల, జానీకి నా రాయి తెలుసు."

భద్రాచలం స్టాండులో జానీకి అప్పటికే అంతా తెలుసు. ఒంటిగంట ఆటోకు అటు వెళుతూ హాస్టలు దగ్గర ఆగాడట. "నిన్ను అడిగిన గదా సీటు గావాల్నా అని. గంత ధీమాగ చెయ్యి ఊపినవు" అన్నాడు. నేను అసలు ప్రశ్న అడిగాను. "రాయి పెట్టి మనిషి రాకపోతే?"

"పెట్టినోళ్ళు వస్తరు."

"జ్వరం వస్తే?"

"ఎవరినన్నా తోలి రాయి తీపిస్తరు. తీయకుండ రాకపోతే మిగతావాళ్ళు ఆటోలో కూసోని తిడ్తరు. నేను చెప్పిన రూలు గాదిది భాయ్, వాళ్ళే పెట్టుకున్నరు."

సైకిల్ అప్పగించి, కార్డు తీసుకుని, రెండున్నర బస్సు ఎక్కి పొద్దుండగానే ఖమ్మం చేరాను. మర్నాడు మా కాలనీ మలుపులో, రేకుల షెడ్డు అరుగు మీద నేనొక ఇటుక ముక్క పెట్టాను. ఖాజా భాయ్ ఏడున్నరకు కాలనీ లోపలికి వెళుతూ చూసి నవ్వాడు, ఎనిమిదికి తిరిగి వచ్చి నా ఒక్కడి కోసం ఆగాడు. మూడో రోజు మూడు రాళ్ళు. వారం తర్వాత ఒక పొద్దున ఆరు రాళ్ళు, ఐదుగురం మనుషులం. ఐదుగురమూ దిగి, ఆ ఆరో రాయి ఎవరిదని ఇంటింటికీ అడుగుతూ రమేష్ ఇంటికి చేరాం. పెట్రోలు అయిపోయి రాయి పెట్టాడట, తర్వాత పెట్రోలు ఎక్కడో దొరికేసరికి రాయి సంగతి వదిలేసి పడుకున్నాడట. లుంగీతో మా వెంట వచ్చి, అందరూ చూస్తుండగా తన రాయి తను తీసుకున్నాడు. ఆ మర్నాటి నుంచి, బండి ఉన్నవాళ్ళలో కూడా కొందరు రాయి పెట్టడం మొదలుపెట్టారు. నెలాఖరు దాటింది. ఖాజా భాయ్ వేరే రూటు మాట మళ్ళీ ఎత్తలేదు, నేనూ గుర్తు చేయలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే, నేను రెండు వందల కాగితాల మీద అచ్చు వేయించింది ఒక కోరిక. ముత్తమ్మ గోడ మీద పెట్టింది ఒక మాట. వస్తానన్న మాట. షేర్ ఆటో నడిచేది డీజిల్ మీద ఎంతో ఆ మాట మీద కూడా అంతే. అది తెలియక నేను ఆ మాటను తీసి నా కాగితాలకు బరువుగా పెట్టుకున్నాను. ఆమె ఆ మాటనే మళ్ళీ నా చేతిలో పెట్టి, నాది కాని సైకిల్ తీసుకుని వెళ్ళింది, చెప్పిన చోటే ఆనించింది. మిగిలిన కరపత్రాలు అటక మీద ఉన్నాయి. ఎవరికైనా బజ్జీల బండి ఉంటే చెప్పండి.

ఆ దారి వెళ్ళేవారికి ఒక్క సలహా. కల్వర్టు గోడ మీద రాయి కనిపిస్తే, ఎండ ఎంత ఉన్నా, దాన్ని కదిలించకుండా పక్కన ఎండలో కూర్చోండి. మీకూ సీటు కావాలంటే తొమ్మిదిన్నర లోపల దాని పక్కనే మీ రాయి పెట్టండి. మనసు మారితే మాత్రం, నడిచైనా వెనక్కి వెళ్ళి దాన్ని తీసేయండి.