వెనక గోడ

కోడుమూరులో బస్సెక్కి, కర్నూలుదాకా నిలబడే వచ్చి, రెజీనా మెడలోని కార్డును ఆఫీసు మిషన్‌కు చూపిస్తుంది. చున్నీతో ముఖం తుడుచుకుని, పూణేలో ఉండే తన టీముతో సాయంత్రందాకా హెడ్‌ఫోన్లో మాట్లాడుతుంది. నాలుగేళ్లు ఇంటి నుంచి చేసిందీ ఇదే పని.

“వాళ్లంతా ఆడుంటే నువ్వు ఈడికెందుకొస్తాండావమ్మా?” అని అడిగాడు సెక్యూరిటీ హుసేన్ వలి.

“రాకుంటే తీసేస్తారంట అన్నా.”

ఇంట్లో ఉన్నన్నాళ్లూ, సున్నం రాలిన గోడ కనబడకుండా వీడియోలో వెనక ఆఫీసు బొమ్మ పెట్టుకునేది. నిన్న ఆఫీసులో కూర్చుని వెనక ఆ గోడ ఫొటో పెట్టుకుంది. ఇంట్లోనే ఉండిపోయిందనుకుని పూణేలోని మేనేజరు గైర్హాజరు వేస్తానన్నాడు. రెజీనా కుర్చీలోంచి కదలకుండానే పాత ఆఫీసు బొమ్మ మళ్లీ పెట్టుకుంది. అది చూసి ఆయన హాజరు వేశాడు.