గడ్డం కింద సందు

ఆళ్లగడ్డలో ఓబులేసు శిల్పాల కార్ఖానాకు కొత్త మిషన్ వచ్చినప్పుడు, దాన్ని నడపడానికి నంద్యాల నుంచి మెహరాజ్‌ను పిలిపించారు. ఆమె పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి, నంద్యాలలో తలుపుల మీద పూలూ తీగలూ చెక్కే మిషన్ దగ్గర చాలాకాలం పనిచేసింది. ఆ మిషన్‌తో తలనొప్పి ఉండేది కాదు. దాని ఉలి ఎప్పుడూ నిటారుగా నిలబడి, పైకీ కిందికీ పక్కలకీ కదిలేది, అంతే. ఓబులేసు కొన్న మిషన్ అట్లాంటిది కాదు. దాని తల ఎటంటే అటు వంగుతుంది. ఎక్కడ ఎటు వంగాలో, ఎంత వంగాలో ముందే కంప్యూటర్‌లో కూర్చుని చెప్పాలి. ఆ చెప్పడమే మెహరాజ్ ఉద్యోగం.

పని కుదురుకుంటున్న రోజుల్లో దొర్నిపాడు నుంచి యాకోబు వచ్చాడు. అతని తల్లి హన్నమ్మ ఆ ఊరి బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించి, అక్కడే రిటైరై, అక్కడే కన్నుమూసింది. చర్చి ఆవరణలో ఆమె విగ్రహం, ఛాతీ వరకు, పెట్టుకోవాలని ఊరివాళ్లు అనుకున్నారు. యాకోబు తెచ్చిన ఫొటోలో ఆమె ఎవరో పిల్లవాడి పలక మీదికి తల వంచి చూస్తూ ఉంది. గడ్డం దాదాపు ఛాతీకి ఆనుతోంది. మధ్య సందులో వేలు పట్టడమే కష్టం.

అంత ఇరుకులోకి మిషన్ ఉలి పోవడం కష్టమని మెహరాజ్‌కు అప్పుడే తెలిసింది. తల కొంచెం పైకెత్తి చేయిద్దామని అడిగి చూసింది.

"మాయమ్మ ఎప్పుడూ అట్లే ఉండేదిమా," అన్నాడు యాకోబు. "తలెత్తితే అది ఇంకెవురో అయితాది."

పక్కల నుంచి తీసిన ఫొటోలు కూడా ఉంటే పంపమని మెహరాజ్ చెప్పింది.

ఫొటోలను బట్టి బొమ్మ కంప్యూటర్‌లో తయారయ్యాక, ఆమె అన్నిటికంటే సులువైన పద్ధతి ఎంచుకుంది. ఉలి ఎక్కడుంటే అక్కడ రాతి ఉపరితలానికి లంబంగా నిలబడాలి. తెర మీద నడిపి చూస్తే, ఏదైనా తగిలే చోట వచ్చే ఎర్రమచ్చ ఎక్కడా రాలేదు. మిషన్ మొదలుపెట్టింది. నుదురు, బుగ్గలు నున్నగా వచ్చాయి. చెవి దగ్గరికి వచ్చేసరికి, రాయి ఒక్కసారిగా మలుపు తిరిగిన చోట, మిషన్ తల గిర్రున తిరిగింది. ఉలిని పట్టుకునే లావుపాటి పిడి వెళ్లి చెవికి తగిలింది. మిషన్‌ను ఆపే ఎర్ర బటన్ మెహరాజ్ కొట్టేలోపు హన్నమ్మ టీచర్ కుడి చెవి పై సగం నేల మీద పడి ఉంది.

ఓబులేసు పరుగున వచ్చాడు. "ఏం నొక్కితివి మెహరాజూ?"

తానేమీ నొక్కలేదని చెప్పినా అతను నమ్మలేదు. సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే, అవతలి ఇంజనీరు ఆమె మాట మొదలుపెట్టకముందే సార్ ఎవరైనా ఉంటే ఫోన్ ఇవ్వమన్నాడు. పళ్లు బిగబట్టి ఓబులేసుకు ఇచ్చింది. అతను చాలాసేపు ఊఁ కొట్టి, "ఏందో చెప్తాండాడు, నువ్వే ఇను," అని తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు. ఆ ఇంజనీరు చివరికి చెప్పిందల్లా కంప్యూటర్ ఒకసారి ఆపి మళ్లీ పెట్టమని.

ఆమె ఫోన్ పక్కన పడేసి సెట్టింగులన్నీ ఒక్కొక్కటే తిరగేసింది. పిడి ఎక్కడైనా తగులుతుందేమో చూసే చోట టిక్కు లేదు. ఉలి ఒక్కటే ఉన్నట్టు, దాన్ని పట్టుకునే పిడే లేనట్టు కంప్యూటర్ లెక్క వేసింది. ఆ టిక్కు ఆమె ఎన్నడూ తీయదు. ఓబులేసును అడిగింది.

అతను తల గోక్కున్నాడు. మొన్న బావమరిది వస్తే మిషన్ చూపిద్దామని కూర్చున్నాడట. "లెక్క తేలేకి శానాసేపు పడ్తాంటే, అది తీస్తే బేగా అయితాదని తీసినా," అన్నాడు.

మెహరాజ్ లేచింది. బయట కొళాయి దగ్గరికి వెళ్లి, చల్లబడేదాకా మొహం కడుక్కుంది.

రెండో రాయి ఎక్కించారు. టిక్కు పెట్టి అదే పద్ధతి నడిపిస్తే తెరంతా ఎర్రబడింది. దాంతో లంబం సంగతి వదిలేసి విగ్రహం తలను ముక్కలుగా విభజించింది. మొహానికి ముందు నుంచి, ఒక్కో చెవికి దాని పక్క నుంచి, ఉలి ఒకే వంపులో బిగుసుకుని చెక్కాలి. ముక్కలు కలిసే చోట గీత కనబడకుండా ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వచ్చేట్టు చూసింది. చెవులు రెండూ నిలిచాయి.

గడ్డం మాత్రం లొంగలేదు. కింది నుంచి రావాలంటే మిషన్ తల రాయిని బిగించిన బల్లకు కొట్టుకుంటోంది. వంపు కొంచెం మార్చడం, లెక్క తేలేదాకా కాచుకోవడం, మళ్లీ ఎరుపు. ఇంకొంచెం మార్చడం, మళ్లీ ఎరుపు. ఓబులేసు కుర్చీ వెనకే నిలబడి, ఇంకా వంచు, ఇంకొంచెం వంచు అంటూనే ఉన్నాడు. మధ్యలో భర్త ముబారక్ ఫోన్ చేసి పప్పులోకి చింతపండు ఎంత వేయాలని అడిగాడు. "నీకు ఎంత తోస్తే అంత ఎయ్యి," అని పెట్టేసింది. పాపం అతని తప్పేమీ లేదు.

చివరికి ఆమె తెరను కాక రాయినే చూసింది. రాయిని వెల్లకిలా పడుకోబెడితే ఆ సందు పైకి తెరుచుకుంటుంది. ఉలి కొంచెం వాలితే చాలు. ఆ మాట చెబితే ఓబులేసు ఒప్పుకోలేదు. విప్పాలి, ఎత్తాలి, మళ్లీ కొలతలు కలపాలి. పైగా సగం మొహం వచ్చిన మనిషిని పండబెట్టడం అతనికి మనసు రాలేదు.

"టీచరమ్మను పండబెట్టమనలేదన్నా, రాయిని పండబెట్టమంటాండా," అంటూ మెహరాజ్ కుర్చీలోంచి లేచింది. "కాదంటే ఈడ నువ్వే కూచో."

ఓబులేసు కూర్చున్నాడు కూడా. తెర వైపు చూశాడు, మౌస్ అటూ ఇటూ కదిలించాడు, తర్వాత లేచి రాయి ఎత్తే చైన్ పుల్లీ తెమ్మని కేక వేశాడు.

రాయి పడుకున్నాక ఆమె సన్నని పొడుగు ఉలి బిగించింది. మెడకు ఎదురుగా గాలిలో ఒక చుక్క పెట్టి, ఉలి ఎక్కడ చెక్కుతున్నా ఆ చుక్క గుండానే పోయేట్టు వాలాలని కంప్యూటర్‌కు చెప్పింది. తెర పచ్చగా నిలిచింది. చెక్కుతున్నంతసేపూ ఎర్ర బటన్ మీద చెయ్యి తీయలేదు. నీళ్లతో పాటు నల్లటి రాతి బురద కారుతుంటే, గడ్డం కింద నుంచి మెడ మెల్లగా బయటపడింది.

యాకోబు, అతని చెల్లెలు ప్రియదర్శిని కలిసి చూడటానికి వచ్చారు. ప్రియదర్శిని విగ్రహం చుట్టూ తిరిగి, గడ్డం కిందికి వేలు పోనిచ్చింది.

"మెడ మీద మడత గూడా ఉండాదే," అని, చెయ్యి అక్కడే ఉంచింది. యాకోబు కళ్లు తుడుచుకుని ఓబులేసు చేతులు పట్టుకుని మెచ్చుకున్నాడు. ఓబులేసు ఆ మెప్పంతా నవ్వుతూ తీసుకున్నాడు. మెహరాజ్ పేరు అతనికి గుర్తుకే రాలేదు. ఆమె పక్కనే నిలబడి చేతులకంటిన బురద తుడుచుకుంది.

విగ్రహం ఆటో ట్రాలీలో వెళ్లిపోయిన వెంటనే ఓబులేసు పెన్‌డ్రైవ్‌లో ఇంకో బొమ్మ తెచ్చాడు. చాగలమర్రి వాళ్లది, చెయ్యి పైకెత్తిన పెద్దమనిషి. టీచరమ్మకు పెట్టిన లెక్కలే దీనికీ పెట్టేస్తే సరిపోతుంది కదా అన్నాడు.

మెహరాజ్ కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ పెట్టింది. అతను అది చూసి పాస్‌వర్డ్ ఏందని అడిగాడు.

"చెప్పను," అంది.

ఓబులేసు మొహం ముడుచుకుని రాళ్ల వైపు వెళ్లిపోయాడు. ఆమె కొత్త బొమ్మ తెరిచి, అటూ ఇటూ తిప్పి, ఎత్తిన చేతి కింద చంక దగ్గర ఆగింది. అక్కడా గడ్డం కింద లాంటి సందే. తర్వాత మొదటి వంపు ఎంతుండాలో రాయడం మొదలుపెట్టింది.