చెవి దాటాక

రాయపూర్‌లోని మోవాలో మా పక్కింటి అక్క పోయిన మంగళవారం ఉదయం గుండెపోటుతో చనిపోయారు. మీలో చాలామందికి ఆమె తెలియదు. ఊళ్లో పిల్లలకు వినికిడి పరీక్షలు చేయడం ఆమె ఉద్యోగం.

మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా స్కూలువాళ్లు పిలిచి, చదవడం రావట్లేదన్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడటమే కారణమని తేల్చేశారు. ఒకరు చెప్పింది ఇంకొకరిని అడిగి నిర్ధారించుకోవడం విలేకరిగా నా పని. ఆ ఒక్కసారి అడగలేదు. ఇంట్లో తెలుగు మానేశాం. హిందీ రాని మా అమ్మ ఏడాదిపాటు మనవరాలితో సైగలతోనే గడిపింది.

సంగతి తెలిసి అక్క గోడ అవతలి నుంచే కేకలేశారు.

"ఏటి బాబూ, తెలుగు మానీసినావా? పేపర్లో రాస్తావు, దిమాగ్ లేదా నీకు? రేపు పిల్లని తీసుకురా."

పరీక్షలో తలమీద, చెవుల వెనక తీగలు అంటించి, చెవిలో టక్‌టక్‌మని చప్పుడు వినిపిస్తారు. మెదడు స్పందన తెరమీద అలలుగా కనిపిస్తుంది. అలలు సరిగ్గానే వచ్చాయి. అక్క అంతటితో లేవలేదు. టక్‌టక్‌కు బదులు 'డ' అనే అక్షరం వినిపించారు. ఈసారి అలలు ఆలస్యంగా వచ్చాయి.

"చెవి బంగారం. చెవి దాటాకే మాట లేటవుతోంది. దానికి తెలుగేటి, హిందీ ఏటి?" అన్నారు. చదువు రాని పిల్లలందరికీ ఇలా ఉండదని కూడా చెప్పారు.

"మందుందా అక్కా?"

"నేను కొలవగల్ను బాబూ. బాగు చెయ్యలేను."

ఆ రెండు పరీక్షల కాగితాలూ పట్టుకుని ఆమే స్కూలుకు వచ్చారు. హెడ్మాస్టరు మొదటిది చూసి, "సున్‌నా తో నార్మల్ హై మేడమ్. బచ్చీ కామ్‌చోర్ హై" అన్నాడు. వినికిడి బాగుంది కాబట్టి పిల్ల ఒళ్లు దాచుకుంటోందని ఆయన లెక్క. రెండో కాగితంలోది రాసుకోవడానికి ఆయన ఫారంలో గడి లేదు.

ఆ తర్వాత అక్క రోజూ సాయంత్రం మా ఇంటికి వచ్చేవారు. మోతలో పిల్లకు మాట అందదని, మే నెలలో కూడా ముందు కూలర్ ఆపేవారు. పిల్లకు ఎదురుగా కూర్చుని, చెమట తుడుచుకుంటూ, పాఠం ఒక్కో వాక్యం చదివించేవారు. "ఏమైనా ఫరక్ ఉందా అక్కా?" అని అడిగితే, "లేదు. రేపొస్తాను" అనేవారు. అబద్ధం చెప్పి ఊరడించిన రోజు నాకు గుర్తు లేదు. ఎనిమిదో తరగతి తర్వాత మా అమ్మాయి బడి మానేసింది. అప్పుడూ అక్క రావడం మానలేదు.

మంగళవారం వాళ్ల వాకిట్లో జనం, ఏడుపులు, శవాన్ని తీసుకెళ్లే బండి ఇంజను మోత. అక్క తమ్ముడు మా అమ్మాయితో, "దండం పెట్టీ తల్లీ, బండి కదుల్తాది" అన్నాడు. మా అమ్మాయి తల ఊపి, గేటు దాటి పరిగెత్తింది. వెనక నుంచి పిలిచాను. ఆగలేదు.

ఆ మోతలో 'దండం' తనకు 'దండ' అని అందింది. బిలాస్‌పూర్ రోడ్డు మీది దుకాణం నుంచి బంతిపూల దండ తెచ్చేసరికి బండి వెళ్లిపోయింది. వాకిలి కడుగుతున్నారు. ఆ తడిలో ఎక్కడ పెట్టాలో తెలియక, దండను రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని నిలబడింది.