చేపలమ్మే ఇంట్లో చారన్నం

మా దీవిలోని అబర్డీన్ బజారులో చేపలమ్ముతాను. నెలసరి మూడు రోజులూ ఆడపిల్ల నీచు ముట్టకూడదన్నది మా ఇంటి కట్టు. ఈ ముసలితనంలో నాకు అక్షరాలు నేర్పిన మనవరాలికీ ఆ రోజుల్లో చారన్నమే పెట్టేదాన్ని. కడుపునొప్పంటే నాటకాలనేదాన్ని.

పోయిన వానాకాలం ఓడలో రంగత్ వెళ్దామని ఫీనిక్స్ బే జెట్టీలో టికెట్ల వరుసలో నిలబడ్డాం. పిల్లకది నెలసరి రెండో రోజు, ఉన్నట్టుండి కుప్పకూలింది. చేతులు చల్లబడ్డాయి. చచ్చిపోయిందనుకున్నాను.

ఆసుపత్రిలో నర్సమ్మ రక్తపరీక్ష చూసి, పిల్లకేం పెడుతున్నానో, నేనేం పని చేస్తానో అడిగింది. చెప్పాను.

"అరే అమ్మా, బజారంతటికీ చేపలు, ఇంట్లో బచ్చీకి చారునీళ్లా? ఒంట్లో రక్తం ఎక్కడిది?" అంది.



మరుసటి నెలసరి రెండో రోజున చేపల పులుసు వడ్డించాను.

"మైల కదా నానమ్మా?"

"నోర్మూసుకుని బేగి తినవే" అన్నాను.

నొప్పి ఇప్పటికీ వస్తోంది, పడిపోవడం మాత్రం లేదు. ఆ కట్టు పెట్టిన పెద్దలెవరూ ఆ రోజు జెట్టీలో పిల్లను ఎత్తడానికి రాలేదు.