నడిచే మెట్ల దగ్గర సీతాలు

బరంపురంలో మాల్ తెరిచిన కొత్తలో సగం గంజాం జిల్లాను ఎడమ చేత్తో మొదటి అంతస్తుకు ఎత్తింది సీతాలే. అనుమానముంటే ఆ చేయి కొలుచుకోండి, కుడిదానికన్నా జానెడు పొడుగు.

పాత సినిమాహాలు పడగొట్టి ఆ మాల్ కట్టారు. లోపల చల్లగాలి, అద్దాల కొట్లు, ఊళ్లో అంతకుముందు ఎవరూ ఎక్కి ఎరగని, వాటంతటవే పైకి నడిచే మెట్లు. చమఖండి లాంటి పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు మొదటి మెట్టును కళ్లకద్దుకుని, చెప్పులు కిందే విడిచి ఎక్కేవారు. మనుషులు పైకి, చెప్పులు కింద. అందుకే సీతాలును పనిలో పెట్టుకున్నారు. చెప్పులు తొడిగించి, కుచ్చెళ్లు ఎత్తి పట్టుకోమని చెప్పి, చేయి పట్టి ఎక్కించాలి.

ఏడేళ్లు పొద్దస్తమానం నిలబడి ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. ఆమె అడిగిందల్లా ఒక్క స్టూలు.

"ఇక్కడ స్టూలేస్తే మాల్ అందం పోతుంది మౌసీ," అనేవాడు మేనేజరు పాణిగ్రాహి.

"అయితే ఆ అందమేదో మీరు నిలబడి సూపించండి బాబూ, నాను కూకుంటాను," అనేది సీతాలు.

ఇప్పుడు జనానికి భయం పోయింది. ఫోను చూసుకుంటూనే ఎక్కేస్తున్నారు. మెట్ల దగ్గర మనిషి అక్కర్లేదని, పార్కింగ్‌లో టోకెన్లు ఇమ్మని పాణిగ్రాహి మొన్న ఆమెకు చెప్పాడు. అక్కడ కుర్చీ ఉంది. ఆమె వెళ్తుంటే నడిచే మెట్లు దిగులుతో ఆగిపోయాయని ఊరంతా చెప్పుకుంటోంది.

ఆ కుర్చీలో కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటూ సీతాలు అంది: "కరెంటు పోయింది, అంతే. నానెవుల్నీ ఎత్తలేదు. మెట్లే ఎత్తినాయి, నాను నిలబడ్డాను."